రోగానికి బారసాల

మా కోడలు పొద్దున్నే వావిలాకు ఉడకబెట్టింది. ఆ ఘాటు వాసన వంటింట్లోంచి నడవా దాటి, వీధి అరుగు మీద కూర్చున్న నా దాకా వచ్చేసరికి నాకు నవ్వు ఆగలేదు. నాలుగు రోజులుగా నా కుడికాలు మడమ దగ్గర ఉబ్బి ఉంది. డెబ్బై అయిదేళ్ళు నన్ను మోసిన కాలు, ఆ మాత్రం అలగదా? "వాతం మామయ్యగారూ, మా అమ్మమ్మకీ ఇంతే. కాపడం పెడితే ఇట్టే లాగేస్తుంది" అంటూ పొగలు కక్కుతున్న గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. "వాతమని ఎవరు చెప్పారమ్మా?" అన్నాను. "ఎవరో చెప్పాలా ఏంటండీ, కనిపిస్తూనే ఉందిగా" అంది. నేనెందుకు నవ్వుతున్నానో పాపం ఆ పిల్లకి తెలియదు. వావిలాకు వాసన తగిలితే చాలు, ఒక గుర్రప్పిల్ల కాళ్ళూ, ఒక పెద్దమనిషి మొహమూ నాకు కళ్ళకి కడతాయి. గుర్రప్పిల్లని తలుచుకుంటే సిగ్గు, ఆ పెద్దమనిషిని తలుచుకుంటే సంతోషం. ఈ వయసులో అవి రెండూ ఒకేసారి వస్తున్నాయి.

ఆయన పేరు కామేశ్వరరావు గారు. నూజివీడుకి కొన్ని మైళ్ళ దూరంలో ఉన్న ఒక చిన్న పశువుల ఆసుపత్రిలో ఆయన డాక్టరు, నేను కాంపౌండర్ని. ఆసుపత్రి అంటే రెండు గదుల పెంకుటిల్లు, ముందు ఒక రేకుల పందిరి, పశువుని కట్టడానికి నాలుగు రాటలు. ఆయన సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఖాకీ నిక్కరు, చొక్కా జేబులో నస్యం డబ్బీ. కోపం ముక్కు మీదే ఉండేది కానీ, పశువు దగ్గరికి వెళ్ళేటప్పుడు మాత్రం ఆ కోపాన్ని గుమ్మంలో చెప్పులతో పాటు విడిచి వెళ్ళేవారు. తిరిగి వచ్చాక తొడుక్కునేది నా మీద. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు, కొత్తగా పెళ్ళయింది, మందుల పేర్లు నోటికి వచ్చేసరికి వైద్యం కూడా వచ్చేసిందని అనుకునేవాణ్ణి. ఆయన దగ్గర చేరిన కొత్తలో నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఆయన కోపం కాదు. ఆయన నోట పదే పదే వచ్చే ఒక మాట. అది 'తెలియదు'.

ఒకసారి ఊళ్ళో పెద్ద మోతుబరి రైతు ఒకాయన మేత మానేసిన ఎద్దుని తోలుకొచ్చాడు. ఆయనతో పాటు పదిమంది వచ్చారు. డాక్టరు గారు అరగంట సేపు ఆ ఎద్దు నోరు తెరిచి చూశారు, డొక్కకి చెవి ఆనించి విన్నారు, పేడ చేత్తో నలిపి చూశారు. చివరికి చేతులు కడుక్కుంటూ, "నాకింకా తెలియలేదండీ. రేపు మళ్ళీ చూస్తాను" అన్నారు. రైతుకి ఒళ్ళు మండిపోయింది. "తెలియకపోతే మీకు ఆ కుర్చీ ఎందుకండీ?" అన్నాడు. డాక్టరు గారు కొంచెం కూడా తడుముకోకుండా, "కూర్చుని ఆలోచించడానికండి" అన్నారు.

అంతే, ఆ మాట ఊరంతా పాకింది. కాఫీ హోటల్లో అడుగుపెడితే చాలు, "ఏమోయ్ కాంపౌండరూ, మీ తెలీదు డాక్టరుకి ఇవాళ ఏమన్నా తెలిసిందా?" అని వెక్కిరింతలు. సగం కాఫీ వదిలేసి లేచి వచ్చేవాణ్ణి. ఒకరోజు ఉండబట్టలేక ఆయనతోనే అన్నాను. "ఏదో ఒక పేరు చెప్పెయ్యకూడదా అండీ? వాళ్ళు తృప్తిగా వెళ్తారు కదా." ఆయన నస్యం పీల్చి, రెండు తుమ్ములు తుమ్మి, "మన దగ్గరికి జబ్బుపడి వచ్చింది ఎద్దా, ఆయనా?" అన్నారు. నాకు ఆ జవాబు నచ్చలేదు. తెలివైన మనిషే కానీ లౌక్యం లేదు, ఎలా బతుకుతాడో అని జాలి పడ్డాను కూడా.

స్వరాజ్యం వచ్చిన మరుసటి వేసవిలో జట్కా పోలయ్య తన గుర్రప్పిల్లని తీసుకొచ్చాడు. మామిడి కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజులు. పోలయ్య మా ఊరి నుంచి హనుమాన్ జంక్షన్ దాకా జట్కా తోలేవాడు. పెట్రోలు బదులు బొగ్గుతో నడిచే బొగ్గు బస్సు ఒకటి తిరిగేది కానీ, దాన్ని నమ్ముకుని బయల్దేరినవాళ్ళు సగం దారిలో దిగి పోలయ్య బండికి చెయ్యెత్తడం మామూలే. అయితే పోలయ్య గుర్రం ముసలిదైపోయింది. ఒక కంటికి పువ్వు వేసింది, మిట్ట ఎక్కేటప్పుడు ఆయాసపడేది. ఇక ఆ ఇంటికి ఆధారమల్లా ఈ ఆడ గుర్రప్పిల్లే. పుట్టిన పది రోజులకే తల్లి చచ్చిపోతే, పోలయ్య భార్య వీరమ్మ గేదెపాలలో గుడ్డ తడిపి నోట్లో పెట్టి పెంచింది. అప్పట్లో గుప్పెడు ఎముకలు తప్ప ఏమీ ఉండేవి కావట, అందుకని పిచ్చుక అని పేరు పెట్టుకుంది. ఇప్పుడు రెండేళ్ళు దాటి నిగనిగలాడుతోంది. దసరాకి దాన్ని బండికి కట్టాలని పోలయ్య ఆశ. కట్టలేకపోతే అతనికి బండీ లేదు, బతుకూ లేదు.

అలాంటి పిచ్చుకకి నాలుగు కాళ్ళూ మోకాళ్ళ కింద నుంచి వాచిపోయాయి. "దీనికి నేనే అమ్మనండి. ఏదన్నా అయితే నేను బతకను" అంటూ వీరమ్మ దాని మెడ వదలకుండా నిలబడింది. పందిట్లో ఉన్నవాళ్ళందరూ చుట్టూ మూగారు. ఇక చెప్పేదేముంది, ఒక్కొక్కడూ ఒక్కో ధన్వంతరి. "నుదుటి మీద రెండు సుడులున్నాయి చూశావా, ఇది ఇంటికి అచ్చిరాదు" అన్నాడొకడు. "దిష్టి. అంత నున్నగా ఉంటే తగలదా మరి" అంది ఒకావిడ. కర్ర పట్టుకున్న ఒక ముసలాయన ముందుకు వంగి చూసి, "బోదకాలు" అని తీర్పు చెప్పాడు. "గుర్రానికి బోదకాలేంటి తాతా!" అని అందరూ నవ్వితే, "ఏం, దానివి మాత్రం కాళ్ళు కావా?" అన్నాడు.

డాక్టరు గారు ఇవేవీ విననట్టు పిచ్చుక ముందు గొంతుకూర్చున్నారు. బొటనవేలితో వాపు మీద నొక్కి తీస్తే, నానిన పిండిలో వేలు గుచ్చినట్టు గుంట పడింది. జ్వరం చూశారు, లేదు. ఒక్కో గిట్టా ఎత్తి, కింద శుభ్రం చేసి, వాసన చూశారు. గాయం లేదు, ముల్లు లేదు. లేచి, "నాలుగింటికీ ఒకేసారి వచ్చిందంటే దెబ్బ కాదు. ఏమిటో నాకు తెలియలేదు పోలయ్యా" అన్నారు. నేను తల దించుకున్నాను. "నాలుగు రోజులు దీని వెంటే ఉండి చూడండి. ఏం తింటోంది, ఎక్కడ నిలబడుతోంది, వాపు ఏ వేళకి ఎక్కువ, ఏ వేళకి తక్కువ. ఈ పది పదిహేను రోజుల్లో మీ ఇంట్లో ఏం మారిందో ఇద్దరూ కూర్చుని ఆలోచించండి. పొద్దున్నా సాయంత్రం కాస్త నడిపించండి. అన్నీ చూసి వచ్చి నాకు చెప్పండి" అన్నారు. మందు లేదు, సీసా లేదు. పోలయ్య మొహంలో నెత్తురుచుక్క లేదు.

గేటు దాకా నేనూ వెళ్ళాను. వీరమ్మ నావైపు తిరిగి, "అంత పెద్ద డాట్రుగారికే తెలీదంటే ఇంకెవరికి తెలుస్తదండీ?" అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూశాక, పైగా వెనక ఎవరో కిసుక్కున నవ్వడం విన్నాక, నా నాలుక నా వశంలో లేదు. "ఆయన అలాగే అంటార్లేమ్మా. అది వాతం" అన్నాను. అన్నాక ఆగానా? లేదు. వావిలాకు ఉడకబెట్టి వేడి వేడిగా కాపడం పెట్టమన్నాను. నేల చెమ్మ తగలకూడదన్నాను. "కింద మెత్తగా, మందంగా పక్క వెయ్యండి. దాన్ని కదిలించకుండా ఉంచండి" అన్నాను.

"వాతమా! ఇంతేనా!" అన్నాడు పోలయ్య. సగం జబ్బు అక్కడే తగ్గిపోయినట్టు అతని నడుము నిటారైంది. "పక్క వేస్తూనే ఉన్నానండి. ఇంకా మందంగా వేస్తా. మీ కడుపు చల్లగుండ" అని వీరమ్మ దణ్ణం పెట్టింది. ఆ దణ్ణం నేను తీసుకున్నాను. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆ సాయంత్రం కాఫీ కప్పు పూర్తిగా తాగాను.

అయిదో రోజు పోలయ్య ఒక్కడే వచ్చాడు. డాక్టరు గారు అతని వెనక్కి చూసి, "పిచ్చుకేదీ?" అన్నారు.

"అడుగు తియ్యట్లేదండి. కాళ్ళు పగిలి రసి కారతా ఉంది. ఇంక ఇది బండికి పనికిరాదు, తోటల అవతల బీట్లో వదిలేసి రమ్మంటున్నారండి అందరూ. రేపు వదిలేద్దామని... మా ఆడది అన్నం మానేసింది."

"నేను చూడమన్నవి చూశారా? ఏం కనిపించింది?"

"చూడటానికేముందండీ" అన్నాడు పోలయ్య అమాయకంగా. "వాతమని తెలిసిపోయిందిగా."

డాక్టరు గారు నావైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. "బయట బండి దగ్గర ఉండు పోలయ్యా, వస్తున్నాం" అని అతన్ని పంపించి, తలుపు దగ్గరికి వేసి, అప్పుడు తిరిగారు. ఆయన కోపం చాలాసార్లు చూశాను కానీ అంత మెల్లగా మాట్లాడటం ఎప్పుడూ వినలేదు.

"రోగానికి బారసాల చేసి పంపించావా?"

నేను బల్ల మీది సీసాలు సర్దబోయాను.

"పేరు లేనంతసేపూ వాళ్ళు వెతికేవాళ్ళోయ్. తిండి మానేసి దాని కాళ్ళే చూస్తూ కూర్చునేవాళ్ళు. నువ్వు పేరు పెట్టి, ఉయ్యాల్లో వేసి, జోకొట్టి వచ్చావు. అందరూ హాయిగా నిద్రపోయారు. రోగం తప్ప."

"మీకు చెడ్డపేరు వస్తోందనండీ..." అని నసిగాను.

"నా పేరు సంగతి నేను చూసుకుంటాను. పద. నువ్వు పెట్టిన పేరు నువ్వే తీసెయ్యాలి."

"మీరు చెబితే బాగుంటుందేమోనండీ."

"నేను పెట్టలేదుగా?"

ముగ్గురం ఆ ముసలి గుర్రం బండిలోనే వెళ్ళాం. దారి పొడుగునా తోటల్లో కోతలు, మామిడికాయల బళ్ళు ఎదురొస్తున్నాయి, కూలీలు కేకలేసుకుంటున్నారు. పోలయ్య గుడిసె తోటల అంచునే ఉంది. పక్కన తాటాకుల పాకలో పిచ్చుక తల వేలాడేసి నిలబడి ఉంది. గిట్టల పైన చర్మం బీటలు వారి, బొచ్చు ఊడి, ఈగలు ముసురుతున్నాయి. దాని కింద మోకాటిలోతు గడ్డి. పొయ్యి మీద వావిలాకు ఉడుకుతోంది. వీరమ్మ లేచి నాకు మళ్ళీ దణ్ణం పెట్టింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నలుగురు వచ్చి నిలబడ్డారు. డాక్టరు గారు నా పక్కన చేతులు కట్టుకుని, నేనేదో పాఠం అప్పజెప్పబోతున్నట్టు ఎదురుచూస్తున్నారు.

"వీరమ్మా, వాతమని డాక్టరు గారు చెప్పలేదు. నేను చెప్పాను. నాకూ తెలియదు. ఊరికే అన్నాను" అన్నాను.

"ఊరికే అన్నారా?" అంది ఆవిడ.

తిట్టలేదు, శాపం పెట్టలేదు. ఆ రెండు మాటలే, అదీ నిజంగా అర్థం కాక అడిగింది. చెంపదెబ్బ తిన్నా అంత చురుక్కుమనేది కాదు. పోలయ్య మొహం పక్కకి తిప్పుకున్నాడు. నేను వెళ్ళి పొయ్యి మీది కుండ దింపాను. ఇంకేం చెయ్యాలో నాకు తోచలేదు.

వీరమ్మ ఆ కుండ వైపు చూస్తూ అంది. "కాదేమోనని నాకూ అనిపించిందండి. తెల్లారి చూస్తే వాపు బాగా ఉంటంది. మీరు కదిలించొద్దనకముందు, పగలంతా చెట్టు కింద కడితే సాయంత్రానికి తగ్గేది. మళ్ళీ తెల్లారేసరికి మామూలే. వాతమైతే ఇట్టా ఎందుకుంటదా అనుకున్నా. చదువుకున్నోరు చెప్పాక మనకెందుకులే అని ఊరుకున్నా."

డాక్టరు గారు అక్కడే మట్టిలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. "ఇంకా చెప్పు తల్లీ" అన్నారు.

"మా ముసలి గుర్రానికి ఏం లేదండి. రెండూ ఈ పాకలోనే ఉంటాయి."

"రెండూ ఒకటే తింటాయా?"

"ఒకటేనండి. పక్క మాత్రం దీనికే. దానికి మొదట్నుంచీ మట్టినేలే అలవాటు."

"పక్క దేనితో వేస్తున్నావు?"

"తోటలో గడ్డండి. కోతలకి పోతున్నానుగా. అక్కడ పాకలో కాయ కింద పరిచిన వరిగడ్డి పని అయ్యాక పారబోస్తారు. గేదెలు మూతి కూడా పెట్టవు. మంచి గడ్డి వేస్తే ఇది రాత్రికి రాత్రే తినేస్తదండి, తెల్లారేసరికి పక్క ఉండదు. ఇదైతే ముట్టుకోదు. అందుకని కోతలు మొదలైన కాడి నుంచీ రోజూ ఓ మోపు..."

అంటూ అంటూ ఆగిపోయింది. మామిడి దేశంలో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు, కానీ తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. కాయ కోసి తొడిమ విరిచాక సొన చిమ్ముతుంది. అది కాయ మీద కారితే నల్లటి మచ్చ పడుతుంది. అందుకని గడ్డి పరిచి, తొడిమ వైపు కిందికి ఉండేలా కాయల్ని బోర్లించి, సొనంతా ఆ గడ్డిలోకి ఓడిపోయేదాకా ఉంచుతారు. సొన తగిలితే మనిషికే చర్మం కాలినట్టు పొక్కుతుంది. వీరమ్మ తన ముంజేతుల వైపు చూసుకుంది. రెండు చేతుల నిండా నల్లగా మాడిన పొక్కులు. కోతల్లో అవి అందరికీ ఉండేవే కనుక ఎవరూ లెక్కచెయ్యరు. ఆవిడ చూపు చేతుల మీద నుంచి పిచ్చుక కాళ్ళ మీదికి వెళ్ళింది.

"సొనండీ!" అని అరిచింది. "అయ్యో, నా చేతులారా నేనే!" అని నెత్తి మీద చేతులు పెట్టుకుని కూలబడింది.

డాక్టరు గారు ఒక గుప్పెడు గడ్డి తీసి నలిపి, నా చేతిలో పెట్టారు. జిగురు. పిచ్చుక పొట్ట కింద చెయ్యి పెట్టి చూడమన్నారు. అది పడుకునే వైపు చిన్న చిన్న దద్దుర్లు చేతికి తగిలాయి. కాళ్ళు వాచాయన్నారని మొదటిరోజు ఇద్దరం కాళ్ళే చూశాం. "నాదీ తప్పే" అన్నారు ఆయన అందరూ వినేలా. తర్వాత వీరమ్మతో, "ఊరుకో తల్లీ. నువ్వు తెలియక వేశావు. మావాడు తెలిసినట్టు వేయించాడు. చివరికి పేరు అమ్మే పెట్టింది, అది చాలు" అన్నారు. ఏడుస్తున్న మనిషి కాస్తా ఆ మాటకి నవ్వింది. పోలయ్య మాత్రం నన్ను చూసి నవ్వడానికి ఇంకో వారం పట్టింది.

ఆ గడ్డంతా నా చేతే ఎత్తించారు. మొహమాటానికైనా ఎవరూ సాయం రాకుండా చూశారు. నా మోచేతుల దాకా పొక్కులు లేచి వారం రోజులు మండాయి. మందు రాసుకోబోతే, "ఉండనీ, అదే నీకు మందు" అన్నారు. పిచ్చుక కాళ్ళని సున్నిపిండితో మెత్తగా కడిగి, కొబ్బరినూనె పూసి, వాగు ఇసుక తెచ్చి కింద పోశాం. పొద్దునా సాయంత్రమూ నేనే నడిపించాను. మూడో రోజుకి వేలు నొక్కితే గుంట పడటం తగ్గింది. పదిహేను రోజుల్లో కొత్త బొచ్చు మొలిచింది. దసరాకి కాదు కానీ, కార్తీకంలో పోలయ్య దాన్ని బండికి కట్టి ఆసుపత్రి ముందుకి తోలుకొచ్చాడు. డాక్టరు గారూ నేనూ ఎక్కి హనుమాన్ జంక్షన్ దాకా వెళ్ళి, టీ తాగి తిరిగి వచ్చాం. దారిలో బొగ్గు బస్సు ఆగిపోయి ఉంది. పోలయ్య దాని పక్క నుంచి పిచ్చుకని కావాలనే నెమ్మదిగా నడిపించాడు.

ఆ రోజు బండిలో ధైర్యం చేసి అడిగాను. "తెలీదు డాక్టరు అంటే మీకు సిగ్గనిపించదా అండీ?"

"ఎందుకనిపించదోయ్? ప్రతిసారీ అనిపిస్తుంది" అన్నారు. ఆయనకి అలవాటైపోయిందని అనుకునేవాణ్ణి. ఆయన కూడా సిగ్గుపడుతూనే ఆ మాట అంటున్నారని ఆ క్షణం దాకా నాకు తెలియదు. నాకు ఆయన మీద గౌరవం కలిగింది అప్పుడే. అంతకుముందు ఉన్నది భయం.

చాలా ఏళ్ళ తర్వాత, ఆయన ఉద్యోగం విరమించి ఉంగుటూరు దగ్గర కూతురింట్లో ఉంటున్నప్పుడు, జబ్బు చేసిందని కబురొస్తే చూడటానికి వెళ్ళాను. మంచం మీద చిక్కి సగమై ఉన్నారు. ఆయన భార్య నన్ను చూడగానే గుమ్మంలోనే పట్టుకున్నారు. "ఒక డాక్టరు గ్యాస్ అంటాడు, ఒకడు నరాలంటాడు, ఒకడు వయసు అంటాడు. ఆయన చేతి కింద అన్నేళ్ళు చేశావు, నువ్వు చెప్పు నాయనా, ఏమైంది ఈయనకి?" అన్నారు. ఆవిడ కళ్ళు చూస్తే నాకు వీరమ్మ కళ్ళు గుర్తొచ్చాయి. ఏదో ఒకటి చెప్పి ఆ తల్లిని ఊరడించాలని ప్రాణం కొట్టుకుంది. నీరసం అనొచ్చు, వేడి అనొచ్చు, పోనీ వాతం అనొచ్చు. మంచం మీద నుంచి ఆయన నన్నే చూస్తున్నారు.

"నాకు తెలియదమ్మగారూ" అన్నాను.

ఆవిడ బావురుమంటారని అనుకున్నాను. అలా జరగలేదు. ఒక క్షణం నా మొహం చూసి, పీట లాక్కుని ఎదురుగా కూర్చుని, "అయితే విను. మొదట మాఘమాసంలో..." అని మొదలుపెట్టారు. అంతమంది డాక్టర్లలో ఒక్కడూ ఆవిణ్ణి కూర్చోబెట్టి వినలేదట. కాఫీ చల్లారిపోయింది, ఎండ గోడెక్కింది, ఆవిడ చెబుతూనే ఉన్నారు, నేను వింటూనే ఉన్నాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. మీసాల కింద మాత్రం చిన్న నవ్వు. ఆ తర్వాత ఆయన మరో ఆరేళ్ళు బతికారు. ఆ జబ్బేమిటో చివరిదాకా ఎవరికీ తెలియలేదు.

ఇప్పటికీ మా వీధిలో దూడ మేత మానేసినా, పసిపిల్ల ఏడుపు ఆపకపోయినా, నేనేదో పండిపోయినవాణ్ణని నా దగ్గరికి వస్తారు. "నాకు తెలియదు, కూర్చో, ఏం చూశావో చెప్పు" అంటాను. అనే ముందు ప్రతిసారీ సిగ్గేస్తుంది.